రంగం పెట్టెలో నేతాజీ సంతకం: బయానా పుచ్చుకునే ముందు

మీ ప్రశ్న చదివాను, రెండు ఫొటోలూ పెద్దవి చేసుకుని చూశాను. తరవాత చదివేవాళ్ళ కోసం సంగతి ఒకసారి చెప్పేస్తాను. అమలాపురం దగ్గర మీ అమ్మమ్మగారింట్లో, రంగం (బర్మాలోని రంగూన్‌ని మనవాళ్ళు అలా అంటారు) నుంచి వచ్చిన తాతగారి రేకు పెట్టెలో, ఇంగ్లీషులో టైపు చేసిన ఒక పేజీ దొరికింది. పైన ఆజాద్ హింద్, అంటే బోస్ నడిపిన తాత్కాలిక ప్రభుత్వం, పేరు ఉంది. తేదీ చేత్తో రాశారు. 1944 కనబడుతోంది గాని నెల నీటికి అలికిపోయింది. కింద సుభాస్ చంద్రబోస్ సంతకం. ఒకాయన ఇంటికొచ్చి చూసి, విదేశంలో కొనేవాళ్ళున్నారు, బయానా ఇస్తాను, కాగితం నా చేతికివ్వండి అంటున్నాడు. అసలుదేనా, ఎంత పలుకుతుంది, దీంతో మొదలుపెట్టి యుద్ధకాలపు నాయకులు సంతకం చేసిన కాగితాలు నేనూ సేకరించవచ్చా అని మీరు అడిగారు.

ముందు బయానా పుచ్చుకోకండి. కాగితం గడప దాటనివ్వకండి. మిగతాది నిదానంగా చూద్దాం.

నేను రాజమండ్రిలో ఉంటాను. బర్మా వెళ్ళొచ్చిన కుటుంబాల కాగితాలు చాలాకాలంగా పోగుచేస్తున్నాను, ఎవరైనా తెస్తే చూసిపెడుతుంటాను. ఫోనులో సంతకం బొమ్మ చూసి "అసలుదేనండీ" అని తేల్చేసేవాళ్ళని నమ్మకండి. సంతకం నేను ఆఖరున చూస్తాను. ఆ కాగితం ఎక్కడ తయారైంది, ఎవరి కోసం తయారైంది, గోదావరి దాకా ఎలా వచ్చింది అనేవి తేలితే సంతకం పని సగం అయిపోయినట్టే. అవి తేలకపోతే సంతకం ఎంత అందంగా ఉన్నా నేను రూపాయి పెట్టను.

మీ తాతగారు రంగం నుంచి ఎప్పుడు తిరిగొచ్చారు? ఇంట్లో పెద్దవాళ్ళని ముందు ఇదే అడగండి. మీరు ప్రశ్నలో "కాలినడకన వచ్చారట" అని ఒక ముక్క రాశారు. అక్కడే నాకు కాలు ఆగింది. జపాన్ విమానాలు 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తరవాత నాలుగైదు నెలల్లో లక్షల మంది మనవాళ్ళు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగుకీ, సరిహద్దులోని టాము అనే ఊరి దారిలో మణిపూరుకీ నడిచొచ్చారు. కోరంగి, తాళ్ళరేవు, రామచంద్రపురం, రాజోలు వైపు ఏ ఊళ్ళో అడిగినా ఆ నడక కథ ఒకటి ఉంటుంది. అదంతా 1942 సంగతి. బోస్ అప్పుడు బెర్లిన్‌లో ఉన్నారు. జలాంతర్గామిలో బయలుదేరి, దారిలో మడగాస్కర్ దగ్గర సముద్రం మధ్యలో జర్మన్ పడవ దిగి జపాన్ పడవ ఎక్కి, ఆయన సింగపూర్ చేరింది 1943 జులై 2న. అంటే 1942లో నడిచొచ్చినాయన పెట్టెలో 1944 నాటి నేతాజీ కాగితం ఉండే వీల్లేదు. ఉందంటే కథ తప్పయినా అయ్యుండాలి, కాగితం తప్పయినా అయ్యుండాలి.

కథలో తప్పు దొర్లడం మామూలే. ఒక ఇంట్లో అన్న 1942లో నడిచొస్తాడు, తమ్ముడు రేవులో పని వదల్లేక అక్కడే ఉండిపోయి యుద్ధం అయ్యాక 1946లో ఓడెక్కుతాడు. మనవల నోట్లో ఇద్దరి కథా ఒకటైపోతుంది. ఇంకో దారి కూడా ఉంది. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశాక, అప్పటిదాకా అక్కడే ఉన్న తెలుగువాళ్ళు కట్టుబట్టలతో ఓడలెక్కారు. వాళ్ళలో ఎవరైనా చుట్టపుచూపుగా వచ్చి పెట్టె మీ ఇంట్లో వదిలి ఉండొచ్చు. అందుకే పెట్టె ఎవరిది, ఏ ఏడు వచ్చింది అన్నది అమ్మమ్మగారిని కూర్చోబెట్టి అడిగి, ఆవిడ మాటల్లోనే ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. రేపు ఏ మ్యూజియానికి వెళ్ళినా మొదట అడిగేది ఆ సమాచారమే.

ఇక నెల సంగతి. 1944 అంటే ఏడాది పొడుగునా ఆయన రంగూన్‌లో బల్ల ముందు కూర్చుని లేరు. తాత్కాలిక ప్రభుత్వం సింగపూర్‌లో ఏర్పడింది 1943 అక్టోబరు 21న. కేంద్ర కార్యాలయం రంగూన్‌కి మారింది 1944 జనవరిలో. ఏప్రిల్ 5న రంగూన్‌లో ఆజాద్ హింద్ బ్యాంకు తెరిచారు. ఇంఫాల్ దండయాత్ర రోజుల్లో ఆయన మకాం ముందుకు, మాండలే దగ్గరి మేమ్యో అనే ఊరికి మారింది. నవంబరులో చాలా రోజులు టోక్యోలో ఉన్నారు. 1945 ఏప్రిల్ 24న రంగూన్ విడిచాక మళ్ళీ వెనక్కి రాలేదు. అందుచేత "రంగూన్, 1945 మే" అన్న కాగితం కనబడితే చదవడం అక్కడితో ఆపేయొచ్చు. హోదా కూడా తేదీతో కలవాలి. 1943 జులై 4 నుంచి ఆయన అక్కడి ప్రవాస భారతీయుల సంఘమైన ఇండియన్ ఇండిపెండెన్స్ లీగుకి అధ్యక్షుడు, ఆగస్టు నుంచి ఆజాద్ హింద్ ఫౌజ్ అనే సైన్యానికి సుప్రీం కమాండర్, అక్టోబరు 21 తరవాతే ప్రభుత్వాధినేత. సెప్టెంబరు తేదీ వేసి కింద దేశాధినేత అని టైపు చేసిన దొంగ కాగితం మండపేటలో ఒకరింట్లో చూశాను. చేసినవాడు సంతకం మీద బోలెడు కష్టపడ్డాడు, తేదీ దగ్గర బద్ధకించాడు.

పేరు రాసే తీరు కూడా చూడండి. ఇంగ్లీషులో ఆయన సుభాస్ అనే రాసుకున్నారు, చివర హెచ్ ఉండదు. ఇప్పటి పుస్తకాల అలవాటులో హెచ్ తగిలించిన "సంతకాలు" ఆన్‌లైన్ అమ్మకాల్లో తిరుగుతూనే ఉన్నాయి. భాష సంగతికొస్తే, ఆ సైన్యంలో హిందుస్తానీని రోమన్ లిపిలో రాసేవారు, పై స్థాయి ఉత్తరాలు ఇంగ్లీషులో నడిచేవి. మీది ఇంగ్లీషు టైపు కాబట్టి అక్కడ అభ్యంతరం లేదు.

ఇప్పుడు మీ రెండో ఫొటో. పెట్టె 1986 ఆగస్టు వరదలో తడిసిందని మీరే రాశారు. ఆ నీటి చార, ఆ గోధుమరంగు అంచు, కాగితం ఎడమ పక్క నుంచి వంకరగా పైకి పాకి తేదీ మీదుగా వెళ్ళి, సంతకం మొదటి సగాన్ని కూడా కలుపుకుని దిగింది. తేదీ సిరా అలికిపోయి నీలంగా వ్యాపించింది. అదే చార కింద ఉన్న సంతకం మాత్రం ఇవాళ పెట్టినట్టు గట్టిగా, అంచులు చెదరకుండా ఉంది. ఒకే నీళ్ళు, ఒకే కాగితం, రెండు సిరాలు. దీనికి నాకు మూడు కారణాలు తోస్తున్నాయి. గుమాస్తా మామూలు నీలం సిరాతో తేదీ వేసి ఉండొచ్చు, పైవారు నీటికి చెదరని బ్లూ-బ్లాక్ సిరాతో సంతకం పెట్టి ఉండొచ్చు. ఆ రోజుల్లో ఆఫీసుల్లో రెండూ ఉండేవి. లేదా అది పెన్ను సంతకం కాదు, అచ్చు. లేదా వరద తరవాత ఎవరో పెట్టినది.

ఈ మూడింట్లో ఏదో ఇంట్లోనే చాలావరకు తేలుతుంది. పది రెట్లు చూపించే భూతద్దం ఒకటి కొనండి, వాచీలు బాగుచేసేవాళ్ళ దగ్గర ఉండేలాంటిది. పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చుని చూడండి. పాళీ పెన్నుతో రాస్తే, ఒత్తిన చోట పాళీ రెండుగా విచ్చుకుని గీతకి రెండు అంచులా ముదురుగా, మధ్యలో కాస్త లేతగా కనబడుతుంది. గీత మీద గీత దాటిన చోట సిరా రంగు చిక్కబడుతుంది. రబ్బరు స్టాంపయితే సిరా అంచులకి నెట్టుకుపోయి, నడుమ చిన్న చిన్న ఖాళీలుంటాయి, ఒత్తిడి తేడా ఎక్కడా ఉండదు. అచ్చయితే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, లేదా అంతా ఒకే మందంతో చదునుగా ఉంటుంది. బాల్ పెన్నయితే గీత మధ్యలో కాగితం గాడి పడుతుంది. బాల్ పెన్ను అమెరికా బజార్లోకే 1945 అక్టోబరులో వచ్చింది, 1944 రంగూన్ కాగితం మీద అది కనబడితే ఇక మాట్లాడేదేం లేదు.

తరవాత మడత చూడండి. మీ కాగితం నాలుగు మడతలు. సంతకంలో ఆఖరి మాట సరిగ్గా ఒక మడత మీద నుంచి పోతోంది. సంతకం ముందు పెట్టి తరవాత మడిస్తే, ఆ మడత దగ్గర సిరా కాగితంతోపాటు చిట్లి రాలుతుంది. మడతలు పడి నలిగిన కాగితం మీద సంతకం పెడితే, చిట్లిన పీచుల్లోకి సిరా దిగి అక్కడ చిన్న మరకలా పాకుతుంది. ఈ ఒక్కటీ భూతద్దంలో స్పష్టంగా ఫొటో తీసి పెట్టండి. నాకు మిగతా అన్నిటికన్నా ఇదే ముఖ్యం.

దుకాణాల్లో దొంగనోట్లు పట్టే యూవీ లైటు కింద కూడా చీకటి గదిలో ఒకసారి పెట్టండి. 1950 ప్రాంతం నుంచి కాగితం తెల్లగా కనబడ్డానికి ఒక రసాయనం కలుపుతున్నారు, బట్టల పౌడర్లలో వేసే జాతిదే. అది ఉన్న కాగితం ఆ లైటు కింద నీలి తెలుపుతో వెలిగిపోతుంది. యుద్ధకాలపు కాగితం మసగ్గా, పసుపుగా ఉండిపోవాలి. వెలిగితే దొంగదని ఖాయం. వెలగకపోతే అసలుదని కాదు, పాత లెడ్జరులో ఖాళీ పేజీ చింపి వాడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అమెరికాలో 1930లలో జోసెఫ్ కోసీ అనే ఫోర్జరీ మనిషి లింకన్ ఉత్తరాలు అలాగే పుట్టించాడు, పాత కాగితం మీద గోధుమ సిరాతో. ఇప్పుడు కోసీ చేసిన నకిలీలని కోసీ పేరు మీదే కొనుక్కునేవాళ్ళున్నారు!

మీరు పెట్టెలోంచి ఆ ఒక్క కాగితం తీసి, వేరే ప్లాస్టిక్ కవరులో పెట్టానన్నారు. దయచేసి వెనక్కి, దాని కట్టలోనే, అది ఉన్న చోటే పెట్టి ఫొటోలు తీయండి. వరదనీళ్ళు పెట్టెలోకి వస్తే చార ఒక్క కాగితం మీద ఆగదు. పైన ఉన్నదాని మీదా, కింద ఉన్నదాని మీదా అదే వంపుతో కొనసాగుతుంది. పక్కపక్కన పేర్చితే ఒక కాగితం అంచు నుంచి ఇంకో కాగితం అంచుకి కలవాలి. మీ పేజీ చార దాని పైనున్న కాగితం చారతో కలిసిందంటే, కనీసం 1986 ముందు నుంచీ అది ఆ పెట్టెలోనే ఉందని రుజువు దొరికినట్టే. ఏ నిపుణుడి సర్టిఫికెట్టూ ఇంత గట్టిగా మాట్లాడదు. అమ్మేవాళ్ళు ఇచ్చే రంగురంగుల గ్యారంటీ పత్రాల మాట ఎత్తకండి. వాటిని అచ్చు వేయించడం సంతకం ఫోర్జరీ చేయడం కన్నా సులువు.

కట్టలో ఇంకేం ఉన్నాయో మీరు రాయలేదు. నా అనుభవంలో రంగం రేవులోనో, బియ్యం మిల్లులోనో పనిచేసిన మన కోనసీమ మనిషికి నేతాజీ స్వయంగా సంతకం పెట్టిన కాగితం రావడం అరుదు. వచ్చేవి లీగు సభ్యత్వ కార్డు, చందా రసీదు, బంగారమో డబ్బో ఇచ్చినట్టు ఒక చీటీ. వాటి మీద సంతకం ఏ బ్రాంచి కార్యదర్శిదో, కోశాధికారిదో ఉంటుంది. సైన్యానికి పంచిన ఆజ్ఞలు, ప్రకటనలు చాలామట్టుకు అచ్చువో సైక్లోస్టైలువో (స్టెన్సిల్‌తో తీసిన నకళ్ళు). పేరు కూడా అందులోనే పడి ఉంటుంది. మీది అలాంటి ప్రకటనకి ఒక ప్రతి కావచ్చన్నది నా అనుమానం, ఎందుకంటే ఫొటోలో కనబడుతున్న నాలుగు లైన్లలో ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. అదే అయితే, ప్రకటన అసలుదై, సంతకం అచ్చుదై ఉండొచ్చు. అప్పుడు అది నకిలీ కాదు. కానీ సంతకం చేసిన పత్రం కూడా కాదు, ధర కూడా ఆ లెక్కనే ఉంటుంది.

పెట్టెలో తపాలా బిళ్ళలు కనబడితే ఒక మాట. ఆజాద్ హింద్ స్టాంపులు బెర్లిన్‌లో అచ్చయ్యాయి గాని తపాలాలో వాడుకలోకి రాలేదు. అవి అంటించి, రంగూన్ ముద్ర కొట్టి ఉన్న కవరు ఎవరైనా చూపిస్తే నవ్వి ఊరుకోండి.

స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకి ఎవరైనా దరఖాస్తు పెట్టారా అన్నది కూడా కనుక్కోండి. 1972లో కేంద్రం ఆ పథకం పెట్టింది, ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ళూ దాని కిందికి వస్తారు. అప్పట్లో ఇళ్ళలో ఉన్న ప్రతి చీటీకీ నకళ్ళు తీయించి, గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో దాఖలు చేశారు. ఆ ఫైలులో మీ పేజీ నకలు ఉంటే మీ అదృష్టం. పింఛను కోసం అన్ని చీటీలూ వెతికి ఇచ్చి, నేతాజీ సంతకం ఉన్నది మాత్రం ఇవ్వలేదంటే, అదెందుకో ఆలోచించాలి.

ఇవన్నీ నిలబడ్డాకే సంతకాన్ని పోల్చడం. పోల్చడానికి ఇంటర్నెట్‌లో ఏ అమ్మకం పేజీనీ పట్టుకోకండి, నకిలీని నకిలీతో పోల్చి మురిసిపోయే ప్రమాదం ఉంది. 2016 జనవరి 23 నుంచి జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) నేతాజీ ఫైళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టింది. కోల్‌కతా ఎల్గిన్ రోడ్డులో ఆయన ఇంట్లోనే నేతాజీ రీసెర్చ్ బ్యూరో ఉంది. మీ కాగితం కాలానికి దగ్గరగా, 1943 నుంచి 1945 మధ్య సంతకాలు మాత్రమే తీసుకోండి. 1921లో ఐసీఎస్ ఉద్యోగం వదులుకుంటూ రాసిన కుర్రవాడి చేతిరాతతో 1944 చేతిరాతని పోల్చి లాభం లేదు. అక్షరం ఆకారం కన్నా వేగం చూడండి. రోజుకి ఎన్నో సంతకాలు పెట్టే మనిషి చెయ్యి ఆగదు. గీత మొదట్లోనూ చివరా సన్నగా తేలిపోతుంది. చూసి దించినవాడి చెయ్యి మలుపు దగ్గర ఆగుతుంది, గీత మొదలూ చివరా మొద్దుగా ఉంటాయి.

అమ్మకం విషయానికొస్తే చట్టం తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న రాతప్రతి, రికార్డు, పత్రం ఏదైనా 75 ఏళ్ళు దాటితే పురావస్తువే. మిగతా వస్తువులకి వందేళ్ళు, కాగితాలకి 75. 1944 నాటి కాగితం 2019లోనే ఆ గీత దాటింది. దాన్ని దేశం బయటికి పంపే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థకీ తప్ప ఎవరికీ లేదు. పంపుతూ పట్టుబడితే ఆరు నెలలకి తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు. దేశంలో ఇలాంటివి వ్యాపారంగా అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. మీ ఇంటికొచ్చిన ఆయన విదేశంలో కొనేవాళ్ళున్నారన్నాడు కదా, లైసెన్సు చూపించమనండి. చూపించలేకపోతే మంచినీళ్ళిచ్చి పంపేయండి. దేశంలోనే, ఇంట్లో ఉంచుకోవడంలో గాని మ్యూజియానికి ఇవ్వడంలో గాని మీకు ఇబ్బంది లేదు. రిజిస్ట్రేషను అవసరమా అన్నది మాత్రం పురావస్తు శాఖ రిజిస్ట్రేషను అధికారిని రాతపూర్వకంగా అడగండి.

ధర అంకె నేను చెప్పను. ఎవరికి రాశారు, ఏ విషయం మీద, ఎంత కీలకమైన రోజున అన్నదాన్ని బట్టి ఒకే చేతి సంతకానికి వందరెట్లు తేడా వస్తుంది. ఇంఫాల్ వెనకడుగు గురించి ఒక సేనానికి రాసిన ఉత్తరమూ, కుర్చీలు కొనడానికి మంజూరు చేసిన చీటీ ఒకటి కావు.

మీ మూడో ప్రశ్నకి ఇదే జవాబు సగం. సేకరణ మొదలుపెట్టేవాళ్ళు పెద్ద ఉత్తరాల జోలికి పోక, మామూలు అధికారిక పత్రాలతో మొదలుపెట్టాలి. లింకన్‌నే తీసుకోండి. 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధంలో సైనికాధికారుల నియామక పత్రాల మీద ఆయన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాడు, సొంత ఉత్తరాల మీద ఎ. లింకన్ అని పొట్టిగా. నియామక పత్రాలు చాలానే మిగిలాయి, పక్కన యుద్ధమంత్రి సంతకం, సీలు, పుచ్చుకున్న అధికారి పేరు ఉంటాయి; సరిచూసుకోవడానికి ఇన్ని ఆధారాలుంటే కొత్తవాడికి ధైర్యం. పొట్టి ఉత్తరం ముక్క మీద పూర్తి పేరు సంతకం కనబడితే ఆగి ఆలోచించాలి. చర్చిల్ విషయంలో ఇంకో గొయ్యి ఉంది. ఆయనకి వచ్చిన అభినందనలకి చేతిరాతను అచ్చువేసిన కృతజ్ఞతా పత్రాలు బోలెడు పంపించారు. ఫ్రేములో చూస్తే స్వయంగా రాసినట్టే ఉంటుంది, భూతద్దం పెడితే తెలుస్తుంది. అలాంటిది అచ్చుదని చెప్పి అమ్మితే కొనుక్కోండి, ముచ్చటగానే ఉంటుంది. ప్రభుత్వ ఫైలు నంబరో, గ్రంథాలయం ముద్రో ఉన్న కాగితం మాత్రం ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకండి. అది ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చింది.

నా సొంత అభిప్రాయం అడిగితే, గోదావరి జిల్లాల మనిషి సేకరించదగ్గవి ఆ లీగు రసీదులూ, ఓడ టిక్కెట్లూ, రంగం నుంచి ఇంటికి వచ్చిన తెలుగు ఉత్తరాలూ. నేతాజీ సంతకాల్ని భద్రపరిచే సంస్థలు ఢిల్లీలో, కోల్‌కతాలో ఉన్నాయి. కోరంగి వాడి చందా చీటీని దాచేవాడు ఎవడూ లేడు, ఏటా వర్షాకాలంలో చెదలు తినిపోతున్నాయి.

చెదలన్నాను కాబట్టి, మీ కాగితాన్ని ఈ లోపల ఎలా ఉంచాలో చెప్తాను. లామినేషన్ చేయించకండి, సెలోటేపు వేయకండి, చిరిగిన చోట జిగురు రాయకండి. మెత్తటి ప్లాస్టిక్ ఫైలు కవర్లు మన ఉక్కపోతకి చెమటపట్టి అక్షరాల్ని లాగేసుకుంటాయి, ముందు అందులోంచి తీయండి. ఆమ్లం లేని కాగితం కవరు తెప్పించి, దాన్ని విడిచిన మడతలతోనే పెట్టండి, గట్టిగా చదును చేయొద్దు. కలరా ఉండలు కాగితానికి తగలకూడదు. బీరువా గోడకి ఆనించకుండా, మేడ ఉంటే మేడ మీద పెట్టండి. మీ వైపు వరద మళ్ళీ రాదని ఎవరం అనగలం? రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ తీసి రెండు చోట్ల దాచండి.

తరవాత పోస్టులో నాకు కావలసినవి నాలుగు: మడత దగ్గర సంతకం దగ్గరి ఫొటో, కాగితం వెనకవైపు, కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకున్న ఫొటో, కట్టలో దాని పైనా కిందా ఉన్న కాగితాలు. పెట్టేటప్పుడు తాతగారి పేరూ, ఊరూ, ఏ నంబరున్నా నంబరూ కప్పేయండి. ఆ వివరాలు పట్టుకుని, అదే పేరు మీద ఇంకో "నేతాజీ ఉత్తరం" తయారుచేసి మీ చుట్టాలకే అమ్మజూపేవాళ్ళున్నారు.